మీ ఊళ్లో ఇంటి ఫ్లోరింగ్‌కి ఎంతవుతుంది? సొంతంగా లెక్క వేసుకోవడం ఎలా?

"ఫ్లోరింగ్‌కి ఎస్సెఫ్టీ ఎంత పడుతుంది?" ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరు కనబడినా అడిగే ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో బావగారు వేయించిన రేటు ఒకటి తెలుస్తుంది. దాన్ని పట్టుకుని అమలాపురంలో మేస్త్రీతో బేరానికి కూర్చుంటాం. బేరం తెగదు. మేస్త్రీ ఎక్కువ చెబుతున్నాడని మనకు అనుమానం, ఊరు తెలియకుండా మాట్లాడుతున్నామని ఆయనకు చిరాకు.

ఆ ఒక్క రేటులో ఆరు ఖర్చులు కలిసి ఉంటాయి. సరుకు, లారీ కిరాయి, కింద నేల గట్టి చేయడం, బెడ్డు (టైలు, బండల కింద పరిచే సిమెంటు, ఇసుక పొర), వేసే కూలీ, పాలిష్. ఊరు మారితే వీటిలో కొన్ని కదలవు, కొన్ని రెట్టింపు కూడా కావచ్చు. అందుకని పక్క ఊరి మొత్తం రేటు మనకు పనికిరాదు. విడివిడిగా రాసుకుంటే మాత్రం ఎక్కడ తగ్గించుకోవచ్చో మనకే తెలుస్తుంది.

1. ముందు కొలత సరిచూసుకోండి

గదుల పొడవు వెడల్పులు మీరే టేపు పట్టి కొలవండి. ప్లాన్‌లో ఉన్న బిల్టప్ ఏరియా తీసుకోవద్దు, అందులో గోడల మందం కూడా కలిసి ఉంటుంది.

టైల్స్ తీసుకునేవాళ్లు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మనం రెండు బై రెండు అనే టైలు నిజానికి 600 మిల్లీమీటర్లది, పూర్తి రెండడుగులు కాదు. నాలుగు టైల్స్ బాక్సు 15.5 చదరపు అడుగులే వస్తుంది. బిల్లు 16కి వేస్తే, 50 రూపాయలని చెప్పిన టైలు మీకు 51 రూపాయల 60 పైసలు పడినట్టు. 1,000 చదరపు అడుగుల ఇంటికి వేస్టేజీ 5 శాతం కలిపి 68 బాక్సులు కావాలి. 16 చొప్పున లెక్కేస్తే 66 అని వస్తుంది, చివర్లో రెండు బాక్సులు తక్కువై పని ఆగుతుంది. టైల్స్‌ని ఐమూలగా వేయించాలనుకుంటే వేస్టేజీ 10 శాతం పెట్టుకోండి. స్కర్టింగ్ (గోడ అడుగున చుట్టూ వేసే పట్టీ) వేరే లెక్క. 12×14 గదికి నాలుగంగుళాల స్కర్టింగ్‌కే దాదాపు ఒక బాక్సు పోతుంది.

2. మీ ఊరికి ఏ గని దగ్గరో చూడండి

నా దృష్టిలో ప్రాంతాన్ని బట్టి ఖర్చు ఎక్కువగా మారేది ఇక్కడే. మన రెండు రాష్ట్రాల్లో రాయికి కొదవ లేదు. వికారాబాద్ జిల్లా తాండూరు బండలు, నంద్యాల జిల్లా బేతంచెర్ల నాపరాళ్లు, కడప నల్లబండలు, పల్నాడులో మాచర్ల నాపరాళ్లు, సరిహద్దు దాటితే కలబురగి జిల్లా షాబాద్ బండలు. గ్రానైట్‌కి ప్రకాశం జిల్లా చీమకుర్తి, కరీంనగర్, శ్రీకాకుళం జిల్లా టెక్కలి.

రాయి బరువు. అంగుళం మందం నాపరాయి చదరపు అడుగుకి ఆరు కిలోలు దాటుతుంది, 1,000 అడుగులకు ఆరు టన్నుల పైనే. 18 మిల్లీమీటర్ల గ్రానైట్ అయితే నాలుగున్నర టన్నులు. అదే విట్రిఫైడ్ టైల్స్ రెండు టన్నుల లోపే. ఉదాహరణకు ఆరు టన్నుల లోడుకి లారీవాడు 24,000 అడిగాడనుకుందాం. నాపరాయికి అడుగుకి 24 రూపాయలు కిరాయే పడింది. అదే లెక్కన రెండు టన్నుల టైల్స్‌కి పడేది 8 రూపాయలు. గని దగ్గర చవగ్గా దొరికే బండ మూడు వందల కిలోమీటర్లు వచ్చేసరికి టైలుతో సమానమైపోతుంది, ఒక్కోసారి దాటిపోతుంది కూడా.

నంద్యాల, కర్నూలు, తాండూరు చుట్టుపక్కల ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే. నాపరాయిని పాతకాలపుదని తీసిపారేయకండి. చల్లగా ఉంటుంది, తరతరాలు నిలుస్తుంది, మీ ఊళ్లో అంత తక్కువకు మరేదీ రాదు. విజయనగరంలోనో కాకినాడలోనో ఉన్నవాళ్లు మాత్రం లెక్క వేసుకున్నాకే ఆ ఆలోచన చేయాలి.

గని పక్కనే ఉంటే గ్రానైట్ కూడా చవకే అనుకోవద్దు. చీమకుర్తి గెలాక్సీ (మెరిసే చుక్కల నల్ల గ్రానైట్), కరీంనగర్ గ్రానైట్ విదేశాలకు వెళ్లే సరుకు, వాటి ధర ఎగుమతి గిరాకీని బట్టి నడుస్తుంది. దగ్గర ఊళ్లవాళ్లకు కలిసొచ్చేది కటింగ్ ఫ్యాక్టరీల్లో మిగిలే చిన్న సైజు పలకలు. మెట్లకు, వంటింటి గట్టుకు, వరండాకు అవి చక్కగా సరిపోతాయి. వెళ్లి అడగండి. కొలిచేటప్పుడు విరిగిన అంచులు వదిలేసి, పనికొచ్చే భాగం వరకే కొలవమనండి.

టైల్స్ మాటకొస్తే ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. శ్రీకాళహస్తి, సామర్లకోటల్లో కూడా ఫ్యాక్టరీలున్నాయి. టైల్స్ మీద జీఎస్టీ 18 శాతం ఎక్కడైనా ఒకటే. కాబట్టి పెద్ద ఊళ్ల మధ్య టైలు ధరలో పెద్ద తేడా ఉండదు. తేడా వచ్చేది పెద్ద డీలరు దగ్గర్నుంచి చిన్న ఊరికి మళ్లీ ఎక్కించి దించే చోట. రెండుసార్లు హమాలీ, రెండుసార్లు పగిలే భయం.

3. కింద నేల సంగతి తేల్చుకోండి

గ్రౌండ్ ఫ్లోర్ వేయించేవాళ్లు ఈ మెట్టు దాటేస్తే, పైన ఎంత ఖరీదైన రాయి వేసినా దండగే.

నల్లరేగడి ఉన్న చోట నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. ఆ మట్టినే బేస్‌మెంట్‌లో నింపితే రెండేళ్లలో బండలు లేచి, మధ్య గీతలు విడిపోతాయి. మట్టి తీసేయాలి, గ్రావెల్‌తో నింపాలి (తెలంగాణలో మొరం అంటాం), పొరలు పొరలుగా నీళ్లు పోసి దిమ్మిస కొట్టించాలి. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడిలో కట్టే ఇంటికి ఈ ఖర్చు తప్పదు. తెలంగాణలో ఎర్రనేల, గట్టి మొరం నేల ఉన్న చోట ఇది చాలా తక్కువలో అయిపోతుంది.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో బాధ వేరు. నీరు పైనే ఉంటుంది, వరద భయానికి బేస్‌మెంట్ ఎత్తుగా లేపుతారు, దాన్ని బుసకతో (సన్నటి ఇసుకతో) నింపుతారు. ఎత్తు పెరిగిన ప్రతి అడుగుకీ ట్రాక్టర్లు పెరుగుతాయి. కింది తేమ పైకి లాగకుండా, నింపిన దాని మీద మందపాటి పాలిథిన్ షీటు పరిచి ఆ తరవాత కాంక్రీటు వేయించండి. షీటుకయ్యే డబ్బు చాలా తక్కువ. అది లేక తెల్లటి ఉప్పు పొర లేస్తే పైపైన తుడిచి పోగొట్టలేం.

పై అంతస్తులకు ఈ గొడవ లేదు, శ్లాబు లెవెల్ చూసుకుంటే చాలు.

4. బెడ్డుకి ఇసుక, సిమెంటు విడిగా రాయండి

1,000 చదరపు అడుగులకు రెండంగుళాల బెడ్డు, సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్లలో వేస్తే సుమారు 25 బస్తాల సిమెంటు, 190 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. మూడంగుళాలైతే దీనికి ఒకటిన్నర రెట్లు. నాపరాయి అడుగు భాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి దానికి బెడ్డు మందంగానే కావాలి. బండ చవకని కొన్నవాళ్లకు ఈ ఖర్చు తరవాత ఎదురవుతుంది.

ఇసుక ధర పూర్తిగా స్థానికం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో ఉచిత ఇసుక విధానం మొదలైనా, తవ్వి ఎక్కించే ఖర్చు, రవాణా మనమే పెట్టుకోవాలి. ఏటి పక్క ఊరికీ, రీచ్‌కి (ఇసుక తవ్వే చోటికి) వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికీ అక్కడే తేడా. హైదరాబాద్‌లో రోబో శాండ్ (రాయిని మిషన్‌లో నలగ్గొట్టి చేసే ఇసుక) వాడకం ఎక్కువ. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 అయింది కాబట్టి అంతకు ముందు రాయించుకున్న అంచనా ఉంటే తిరగరాయించుకోండి.

5. కూలీ రేటు కాదు, కూలీ లెక్క అడగండి

నగరాల్లో పని ఎస్సెఫ్టీ లెక్కన, పల్లెల్లో చాలాచోట్ల రోజు కూలీకో, గుత్తకో నడుస్తుంది. ప్రభుత్వ పనులకు రేట్లు నిర్ణయించే పట్టిక ఎస్.ఎస్.ఆర్.లో కూడా మున్సిపల్ కార్పొరేషన్ పరిధికి, ఏజెన్సీ ప్రాంతానికి కూలీ మీద అదనపు అలవెన్సు ఉంటుంది. అంటే ఊరిని బట్టి కూలీ మారుతుందని ప్రభుత్వం కూడా ఒప్పుకున్నట్టే. పాడేరు ఘాట్ ఎక్కి వచ్చే మేస్త్రీ విశాఖ రేటుకు రమ్మంటే రాడు.

మార్బుల్, గ్రానైట్ పనికి చాలాచోట్ల రాజస్థాన్ నుంచి వచ్చిన పనివాళ్లుంటారు. చిన్న ఊరికి వాళ్లను పిలిస్తే బస, రానూపోనూ ఖర్చులు కూడా కలుస్తాయి. బయటి రాష్ట్రాలవాళ్లు పండగలకు, ఎన్నికలకు సొంతూళ్లకు వెళ్తే పనివాళ్లు దొరకరు. గృహప్రవేశాల ముహూర్తాలు వరసగా ఉన్న నెలల్లోనూ అంతే, రేటు పెరుగుతుంది. ముహూర్తం పెట్టుకున్నాక మేస్త్రీని వెతకడం కంటే పెద్ద టెన్షన్ లేదు.

అపార్ట్‌మెంట్ అయితే పై అంతస్తుకి మోత కూలీ ఎవరిదో ముందే తేల్చండి. నగరంలో లారీలకు పగటిపూట అనుమతి లేని రోడ్లుంటే రాత్రి దింపుడుకి ఎక్కువ అడుగుతారు.

6. ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వండి

మూడు కొటేషన్లు తీసుకుంటే సరిపోదు, ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ వరసలో రాసి ఇవ్వండి:

- గదుల వారీగా ఎస్సెఫ్టీ, టైలు లేదా బండ సైజు
- బెడ్డు మందం, పాళ్లు. సిమెంటు, ఇసుక ఎవరు తెస్తారు
- స్కర్టింగ్ రన్నింగ్ ఫీట్ ఎంత, మెట్టుకి ఎంత, గడప పట్టీలు కలిపారా లేదా
- పాలిష్ ఎన్ని రౌండ్లు (నాపరాయికి, మార్బుల్‌కి మాత్రమే)
- బాత్రూముల్లో, వరండాలో వాటం (నీళ్లు పోయే వాలు) ఎటు
- పాత గచ్చు పగలగొట్టి బయట పోయడం ఎవరి పని

తక్కువ చెప్పిన మేస్త్రీ కాగితంలో తరచూ పాలిష్ గానీ స్కర్టింగ్ గానీ కనబడదు. అది కలిపి చూశాకే పోల్చండి.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. పని అయి, బెడ్డు ఆరాక ప్రతి టైలునూ చెక్కతో తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన వాటిని తీయించి మళ్లీ వేయించాకే ఆఖరి విడత చేతిలో పెట్టండి. బాక్సుల మీద బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటేనా అని లారీ దిగేటప్పుడే చూడండి. ఒక బాక్సు అటక మీద దాచుకోండి, రెండేళ్ల తరవాత అదే షేడ్ మీ ఊళ్లోనే కాదు, మోర్బీలోనూ దొరక్కపోవచ్చు.