గేమ్ పాటల్ల తిక్క బీట్లను చెవితోటి పట్టి రాసుకునుడు ఎట్ల

గేమ్ మ్యూజిక్ విని కీబోర్డు మీద వాయిద్దామనుకునేటోళ్లు చాలామంది స్వరాల దగ్గర ఆగరు, బీట్ దగ్గర ఆగుతరు. స్వరం తప్పైతే చెవికి టక్కున తెలుస్తది, వేలు పక్క మెట్టు మీదికి జరిపితే అయిపాయె. బీట్ తప్పైతే ఏదో తేడా కొడ్తాంది అనిపిస్తది గని ఎక్కడ్నో దొరకదు. నేను చిన్నప్పుడు హన్మకొండల రెండేండ్లు మృదంగం క్లాసుకు పోయిన, మృదంగం రాలే గని అప్పుడు నోటికచ్చిన తకిట తకధిమిలే ఇప్పుడు ఈ పనికి మస్తు అక్కరకొస్తున్నయి, అందుకే నేను చెప్పేది మొత్తం నోటితోటే మొదలైతది.

పాట పెట్టినంక పెన్ను ముట్టకుండ్రి. ముందుగాల చప్పట్లు కొట్టుకుంట వినుండ్రి, రాగం ఎంబడి కాదు, కింద మారకుండ నడిచేదాని ఎంబడి. బతుకమ్మ ఆడేటప్పుడు చూస్తం కదా, పాట ఎట్ల సాగదీసినా చప్పట్లు, అడుగులు మాత్రం అదే నడకల పడ్తయి, గా నడక మీ చేతికి రావాలె. రాగం మిమ్మల్ని గుంజుతాంటే బేస్, అంటే అడుగున మోగే బరువు స్వరాలు, వినుండ్రి. పాత నింటెండో డబ్బా (టీవీకి పెట్టి ఆడే గేమ్ మిషను) పాటలైతే ఇది ఇంక సులువు, అండ్ల మొత్తం 5 చానెళ్లే (ఒకేసారి మోగే వేర్వేరు చప్పుళ్లు), రెండు పల్స్, ఒకటి ట్రయాంగిల్, ఒకటి నాయిస్, ఒకటి శాంపిల్ (రికార్డు చేసిన చప్పుడు). బేస్ ఎక్కువగ ట్రయాంగిల్ల ఉంటది, డ్రమ్ముల లెక్క ఇనిపించేది నాయిస్. ఎన్ఎస్ఎఫ్ ఫైళ్లు (ఆ డబ్బా గేముల పాటలుండే ఫైళ్లు) ప్లే చేసే సాఫ్ట్‌వేర్లల్ల ఒక్కో చానెల్ మ్యూట్ చేసుకోవచ్చు, రెండు పల్సులు బంద్ చేసి వింటే నడక ఒట్టిగ బయటపడ్తది.

ఇప్పుడు అందరికి తెలిసిన పాట తీసుకుందాం, 1985ల వచ్చిన సూపర్ మారియో బ్రోస్ల కోజి కోండో చేసిన మొదటి లెవల్ పాట. కాగితం మీద 8 గడులు గియ్యుండ్రి, రెండేసి గడులకు ఒక చప్పట. మొదట్ల వచ్చే ఆ ముక్క 1, 2, 4, 6, 7 గడులల్ల పడ్తది, తర్వాతి వరుసల 1, 5. అసలు రాగం మొదలైనంక మొదటి మూడు స్వరాలు 1, 4, 7ల పడ్తయి, అంటే తకిట తకిట తక, 3, 3, 2. నోటితోటి అనుకుంట చప్పట కొడితే ఒక్క నిమిషంల పట్టు దొరుకుతది. దాని తర్వాతి వరుసల మొదటి గడి ఖాళీ, స్వరం రెండో గడిల మొదలైతది. అందరు బోల్తా పడేది ఈడనే, ఆ స్వరాన్ని ఒకటి మీద పెడ్తరు, ఇగ ఆడికెల్లి పాట మొత్తం అర చప్పట జరిగిపోతది.

ఆ తర్వాతి వరుసల వచ్చే మూడు స్వరాలు ఏ గడిల పెట్టినా కుదరయి, ఎందుకంటే అవి నాలుగు గడుల జాగాల మూడు సమానంగ కూసున్నయి, ట్రిప్లెట్ అంటరు, మన లెక్కల తిశ్రం. దీన్ని అందాజగ కొట్టకుండ్రి. ఒక్కో గడికి ఒక తకిట, మొత్తం నాలుగు తకిటలు నెమ్మదిగ అనుండ్రి, ప్రతి 'త'కు వేలు తట్టుండ్రి. ఇప్పుడు మొదటి తకిటల 'త' గట్టిగ, రెండో దాంట్ల 'కి' గట్టిగ, మూడో దాంట్ల 'ట' గట్టిగ, నాలుగోది మామూలుగ. ఆ గట్టిగన్న మూడు అక్షరాలే ఆ మూడు స్వరాలు. స్పీడ్ పెంచుకుంట పోతే తకిటలు మాయమై ట్రిప్లెట్ ఒక్కటే మిగుల్తది, మొదటిసారి అది చెవిల పడ్డప్పుడు నాకైతే ఒళ్లు జల్లుమన్నది.

5, 7 లెక్కల పాటలొస్తే ఒకటి రెండు మూడు అని అంకెలు లెక్కబెట్టకుండ్రి, స్పీడ్ల నాలుక తడబడ్తది. ఖండానికి తక తకిట, మిశ్రానికి తకిట తకధిమి. మూడు ముందా నాలుగు ముందా అన్నది బేస్ బరువు ఎక్కడ పడ్తాందో అదే చెప్తది.

స్పీడ్ తగ్గించుకునుడు తప్పేం కాదు, ఆడాసిటీల (చప్పుడు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) టెంపో మార్చితే శ్రుతి మారదు, యూట్యూబ్ల 0.5 పెట్టినా నడుస్తది. సగం కంటె కిందికి మాత్రం పోకుండ్రి, నడక తెగిపోతది, ఒక్కో చప్పుడు ఒంటరిగ ఇనిపిస్తది గని బీట్ ఇనిపియ్యది. పాత నింటెండో పాటలకు ఇంకో ఆధారం ఉన్నది. జపాన్, అమెరికా డబ్బాలు సెకనుకు సుమారు 60 ఫ్రేములు నడిపిస్తయి, స్వరాల పొడుగులు సాధారణంగ పూర్తి ఫ్రేముల లెక్కల్నే ఉంటయి. చప్పటకు 24 ఫ్రేములైతే నిమిషానికి 150 చప్పట్లు, ఒక్కో చప్పట 0.4 సెకన్లు. ఆడాసిటీల వేవ్ మీద రెండు దెబ్బల నడుమ దూరం కొలిస్తే అనుమానం తీరుతది. మనుషులు వాయించి రికార్డు చేసిన కొత్త గేమ్ పాటలకు ఈ కొలత పనిచెయ్యది, ఆడ చెవే దిక్కు.

ఒకసారి ఒక బాస్ ఫైట్ పాట రాత్రంత కూసోని రాసిన, పేజీ నిండ టై గీతలు (రెండు స్వరాలను ఒక్కటి చేసే గీతలు), రెస్టులే (ఖాళీ గుర్తులు), చూస్తె నాకే చదవరాలే. తెల్లారి బేస్ ఒక్కటే విన్న, నేను ఒకటి అనుకున్నది అసలు ఒకటిన్నర. అంత అర చప్పట జరిపితే సగం టైలు ఎగిరిపోయినయి. అప్పటికెల్లి టైలు మరీ ఎక్కువైతే ముందు ఒకటి ఎక్కడున్నదో చూస్తాన.

గేమ్ పాటలు తిరిగి తిరిగి వస్తయి కదా, ఆఖరికి దాన్నే వాడుకోండ్రి. ఒక తెలిసిన దెబ్బ కాడికెల్లి మళ్ల అదే దెబ్బ వచ్చేదాక చప్పట్లు లెక్కబెట్టి మీరు రాసిన బార్ల (గడుల వరుసల) మొత్తంతోటి పోల్చుండ్రి, తేడా వస్తె ఎక్కడ్నో ఒక బార్ల గడి తప్పింది. లెక్క కలిస్తె మ్యూజ్‌స్కోర్ల (స్వరాలు రాసి వినిపించే సాఫ్ట్‌వేర్) ఎక్కించి, అదే స్పీడ్ల అసలు పాటతోటి కలిపి ప్లే చెయ్యుండ్రి. కొత్తగ మొదలుపెట్టేటోళ్లు అదే మారియోల నీళ్లలెవల్ పాట పట్టుండ్రి, అది మూడు లెక్కల వాల్ట్జ్, ఒక్క సాయంత్రంల అయితది, ఆ తర్వాత పైన చెప్పిన ట్రిప్లెట్ మీదికి రాండ్రి.