‘థ్రెడ్స్’ను మళ్లీ తీయాలా వద్దా? తేల్చుకునే ముందు చేయాల్సిన పని

రీమేక్ ఆలోచన మొదలైన రోజే గదిలో ఎవరో ఒకరు ‘ఇప్పుడైతే ఆ బాంబు సీను ఎంత గొప్పగా తీయొచ్చో’ అంటారు. ‘థ్రెడ్స్’ విషయంలో ఆ మాటకు తలూపితే పని అక్కడే చెడుతుంది. బ్రిటన్ మీద అణుదాడి జరిగితే ఏమవుతుందో చూపిస్తూ బీబీసీ 1984 సెప్టెంబర్ 23న ప్రసారం చేసిన ఈ 112 నిమిషాల టీవీ చిత్రం ఇప్పటికీ జనాన్ని నిద్రపోనివ్వదంటే, అందులో పేలుడు బాగా తీశారని కాదు. బ్యారీ హైన్స్ రాసిన, మిక్ జాక్సన్ తీసిన ఆ కథ ఒక సాలీడు గూడు అల్లుతున్న దృశ్యంతో మొదలవుతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ అనే ఉక్కు నగరంలో మనుషుల్ని ఒకరితో ఒకరిని కలిపి ఉంచే దారాలు (పేరులోని ‘థ్రెడ్స్’ ఇవే) ముందు చూపించి, తర్వాత వాటిని ఒక్కొక్కటిగా తెంపుకుంటూ పోతుంది.

2025 ఏప్రిల్‌లో అదే షెఫీల్డ్‌కు చెందిన వార్ప్ ఫిల్మ్స్ దీన్ని సిరీస్‌గా తీస్తామని ప్రకటించింది. స్క్రిప్టు రాసేవాళ్లు, నిర్మాణంలో ఉన్నవాళ్లు, సినిమా చదువుకునేవాళ్లు ఇలాంటి నిర్ణయాన్ని ఏ వరసలో తీసుకోవాలో కింద రాస్తున్నాం. తేల్చాల్సింది ఒక్కటే: ఈనాటి దారాలు ఏవో, అవి ఏ క్రమంలో తెగుతాయో మీకు తెలుసా?

పాత చిత్రాన్ని గడియారం పెట్టుకుని చూడండి

రెండుసార్లు చూడాలి. మొదటిసారి ఊరికే. రెండోసారి నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసి: నిమిషం, తెరమీద ఎవరు, ఇంకా ఏ సౌకర్యం పనిచేస్తోంది, ఆ మనిషికి యుద్ధం గురించి అప్పటికి ఎంత తెలుసు. గడులు నిండాక ఒక విషయం బయటపడుతుంది. సుమారు 45 నిమిషాలు దాటేదాకా బాంబు పడదు. రూత్, జిమ్మీ అనే జంట పెళ్లి ఏర్పాట్లు చేసుకుంటుంటే, గోడకు రంగులు వేసుకుంటుంటే, ఇరాన్‌లో ముదురుతున్న సంక్షోభం రేడియోలో, టీవీలో వెనకెక్కడో వినిపిస్తుంటుంది. ఎవరూ సరిగా వినరు. రీమేక్‌లో మొదట కోతపడేది ఈ 45 నిమిషాలే, ‘లాగ్ అవుతోంది’ అని. అవి తీసేస్తే తర్వాత తెగడానికి ఏమీ మిగలదు.

పరిశోధన ముందు, స్క్రిప్టు తర్వాత అన్న వరస కూడా గమనించండి. 1982లోనే జాక్సన్ అణుదాడి ప్రభావాల మీద బీబీసీకి డాక్యుమెంటరీ తీశారు. షూటింగు 17 రోజుల్లో ముగిసిందంటే, ఏం చూపించాలో ముందే తేలిపోయి ఉండబట్టే.

హక్కుల సంగతి క్లుప్తంగా. చిత్రం బీబీసీది, రచయిత 2016లో చనిపోయారు. కాబట్టి సంస్థతోనూ, రచయిత వారసులతోనూ ఎవరి చేతిలో ఏముందో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. అందులో వాడిన ప్రభుత్వ పౌర రక్షణ ప్రచార చిత్రాలకు అనుమతి వేరు. ‘ఒక నగరం, అణుదాడి, ఆ తర్వాత పదమూడేళ్లు’ అన్న ఆలోచన మీద మాత్రం ఎవరికీ హక్కు ఉండదు. పాత పేరు, పాత పాత్రలు లేకుండా కొత్త కథ రాసుకునే దారి మీకు ఎప్పుడూ తెరిచే ఉంది. చాలామందికి అదే మంచి దారి కూడా.

ఆ ఊరి మీద బాంబు ఎందుకు పడుతుంది?

పాత చిత్రంలో మొదటి దెబ్బల్లో ఒకటి షెఫీల్డ్‌కు తూర్పున ఉన్న ఫిన్నింగ్లీ వైమానిక స్థావరం మీద పడుతుంది. ఆ స్థావరం 1996లో మూతపడింది. తర్వాత అక్కడ వచ్చిన పౌర విమానాశ్రయం కూడా 2022లో మూసేశారు. షెఫీల్డ్ ఉక్కు పరిశ్రమ ఒకప్పటిలా లేదు. అంటే 1984 నాటి లక్ష్యాల జాబితాను యథాతథంగా ఎత్తి రాస్తే మొదటి పేజీలోనే తప్పు దొర్లుతుంది. షెఫీల్డే కావాలనుకుంటే కొత్త కారణం వెతకాలి, లేదా ఊరు మార్చాలి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు 40 కి.మీ. దూరంలో ఫాస్లేన్ అణు జలాంతర్గాముల స్థావరం ఉంది. ఇంగ్లండ్‌లోని బారో పట్టణంలో జలాంతర్గాములు కడతారు. కారణం ప్రేక్షకుడికి చెప్పక్కర్లేదు, రాసేవాళ్లకు తెలిస్తే చాలు. పేలుడు ఏ దిక్కున, ఎంత దూరంలో, గాలి ఎటు అన్నవి దానిమీదే ఆధారపడతాయి.

దారాల పట్టిక

పెద్ద చార్టు కాగితం తీసుకోండి. అడ్డ వరసల్లో: నీళ్లు, కరెంటు, డీజిలు, తిండి, ఫోను, డబ్బు, మందులు, వార్తలు, స్థానిక అధికారులు. నిలువు గడులు అయిదు: 1984లో ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, దేనిమీద ఆధారపడుతుంది, కరెంటు పోయాక ఎంతసేపు నిలుస్తుంది, అది తెగడం ఎవరి చేతుల్లో చూస్తాం. చివరి గడి నింపలేకపోతే ఆ వరస కొట్టేయండి. అది సమాచారం మాత్రమే, సీను కాదు.

ఫోను వరస చూద్దాం. 1984లో రాగి తీగ ల్యాండ్‌లైనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, ఇంట్లో దీపాలు ఆరినా ఫోను మోగేది. బ్రిటన్‌లో ఆ పాత లైన్లను 2027 జనవరి నాటికి ఇంటర్నెట్ లైన్లుగా మార్చేస్తున్నారు. ఇకమీదట ఇంట్లో కరెంటు పోతే రౌటరుతో పాటు ల్యాండ్‌లైనూ పోతుంది. ఊళ్ల మీద మోగే పాత సైరన్ల వ్యవస్థను 1990ల్లోనే ఎత్తేశారు. దాని స్థానంలో మొబైల్‌కు వచ్చే అత్యవసర హెచ్చరిక ఉంది. దేశమంతటా 2023 ఏప్రిల్ 23న ఒకసారి, 2025 సెప్టెంబర్ 7న మరోసారి పరీక్షించారు. సుమారు పది సెకన్ల పాటు సైరన్ లాంటి మోత. మన దగ్గర కూడా 2023లో అలాంటి పరీక్ష మెసేజ్ వచ్చి ఫోన్లన్నీ ఒక్కసారిగా అరిచాయి, గుర్తుండే ఉంటుంది. స్క్రిప్టుకు దీనివల్ల లాభం ఏమిటంటే, ఇప్పుడు సైరన్ ఊరి మీద మోగదు, ప్రతి మనిషి జేబులోనూ మోగుతుంది. బస్సులో యాభై ఫోన్లు ఒకేసారి. ఆ తర్వాత ఆ ఫోన్లు మళ్లీ ఎప్పుడూ మోగవు.

తిండి వరసలో, బ్రిటన్ తన ఆహారంలో దాదాపు 40 శాతం దిగుమతి చేసుకుంటుంది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ప్రభుత్వం దాచిన నిల్వ గోదాములను 1990ల్లో తీసేశారు. పాత చిత్రంలో సాయుధ కాపలా ఉన్న ఆహార గోదాము సీన్లను అలాగే దించుకోవడానికి వీల్లేదు. కాపలా దేనికన్నది ముందు తేలాలి.

మందుల వరసకు ఇన్సులిన్ చాలు. ఫ్రిజ్ లేకపోతే వయల్ గది ఉష్ణోగ్రతలో సుమారు 28 రోజులు పనికొస్తుంది. టైప్ 1 మధుమేహం ఉన్న ఒక్క పాత్ర ఉంటే కథకు నాలుగు వారాల గడువు దానంతటదే వస్తుంది. తడిగుడ్డలో చుట్టిన సీసా, దాని మీద పెన్నుతో రాసిన తేదీ. మాటలు అక్కర్లేదు.

ఇక్కడ అందరూ చేసే తప్పు, పట్టికను డైలాగుల్లోకి దించడం. ‘రౌటరు పోయింది కాబట్టి ల్యాండ్‌లైను కూడా పోయింది’ అని ఏ పాత్రయినా అన్నదంటే ఆ లైను కొట్టేయండి. పాత చిత్రం ఈ బరువును పాత్రల మీద పెట్టలేదు, వ్యాఖ్యాత గొంతు మీదా, తెరమీద టైపు అయ్యే అక్షరాల మీదా పెట్టింది. ఆ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది.

అధికారుల వరసకు కాస్త ఎక్కువ సమయం పెట్టండి. టౌన్‌హాల్ కింద నేలమాళిగలో చిక్కుకున్న నగరపాలక సంస్థ అధికారులు, తిండి ఎవరికివ్వాలి అని అరుచుకుంటూ, గాలి తగ్గిపోతుంటే సిగరెట్లు కాలుస్తూ ఉండే సీన్లు పాత చిత్రానికి వెన్నెముక. ఇప్పుడు ఆ ఏర్పాటు మారింది. 2004 నాటి పౌర విపత్తుల చట్టం కింద స్థానిక సంస్థలు, పోలీసులు, ఆసుపత్రులు కలిసి పనిచేసే వేదికలున్నాయి. వాళ్లు చాలావరకు వీడియో కాల్‌లోనే కలుస్తారు. లైను తెగితే ఆ కమిటీ ఉండదు, ఎవరింట్లో వాళ్లు మిగులుతారు.

సైన్సులో దొర్లే తప్పులు

మొదటిది, వెలుగూ మోతా ఒకేసారి చూపించడం. ఒక మెగాటన్ను (వెయ్యి కిలోటన్నుల) బాంబు తగిన ఎత్తులో పేలితే, మామూలు ఇళ్లు కూలే స్థాయి ఒత్తిడి సుమారు 7 కి.మీ. దాకా ఉంటుంది. వెలుగు తక్షణం వస్తుంది, అక్కడికి ఆ పేలుడు ఒత్తిడి అల చేరడానికి సుమారు 15 సెకన్లు పడుతుంది. కిటికీ అద్దాలు పగిలే దూరంలో, అంటే 18 కి.మీ. దగ్గర, ముప్పావు నిమిషానికి పైనే. ఆ వ్యవధిలో మనుషులు ఏం చేస్తారు? వెలుగేమిటో చూద్దామని కిటికీ దగ్గరికి వస్తారు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలినప్పుడు జరిగిందీ అదే. గాయపడ్డ సుమారు 1,500 మందిలో ఎక్కువమందికి తగిలింది గాజు పెంకులే. నిశ్శబ్దంగా గడిచే ఆ 15 సెకన్లను కట్ చేయకుండా ఒకే షాట్‌లో ఉంచండి. గ్రాఫిక్స్ ఖర్చు కూడా కలిసొస్తుంది.

బాంబు పరిమాణం మారితే దూరాలు ఘనమూలం ప్రకారం మారతాయి. ఎనిమిది రెట్ల బాంబుకు రెట్టింపు దూరం మాత్రమే. 150 కిలోటన్నుల బాంబుకు పై 7 కి.మీ. కాస్తా 4 కి.మీ. లోపే అవుతుంది. ఇప్పటి వార్‌హెడ్లు చాలావరకు మెగాటన్ను కన్నా చిన్నవే కాబట్టి పాత మ్యాపు వాడకండి.

రెండోది, రేడియోధార్మిక ధూళి. అది మెరవదు, ఆకుపచ్చగా ఉండదు, చూడటానికి బూడిదా ఇసకా కలిసినట్టు ఉంటుంది. దాని తీవ్రతకు ఏడు-పది లెక్క గుర్తుంచుకోండి: కాలం ఏడు రెట్లయిన ప్రతిసారీ తీవ్రత పదో వంతుకు పడుతుంది. పేలిన గంటకు ఉన్న తీవ్రతతో పోలిస్తే ఏడు గంటలకు పదో వంతు, రెండు రోజులకు నూరో వంతు, రెండు వారాలకు వెయ్యో వంతు. మొదటి రోజే నీళ్ల కోసం బయటికెళ్లిన పాత్రకూ, పదో రోజు వెళ్లిన పాత్రకూ ఒకే జబ్బు రాస్తే తప్పు.

మూడోది మేకప్. రేడియేషన్ జబ్బు నేరుగా దిగజారదు. 4 గ్రేల (గ్రే అంటే ఒంట్లోకి చేరిన రేడియేషన్‌కు కొలత) దరిదాపు మోతాదు తగిలిన మనిషికి కొన్ని గంటల్లో వాంతులు అవుతాయి, తర్వాత తగ్గిపోయినట్టు ఉంటుంది. రెండు మూడు వారాలకు జుట్టు రాలడం, చిగుళ్ల నుంచి రక్తం, ఇన్ఫెక్షన్లు. మధ్యలో ‘బాగైపోయింది’ అనుకునే ఆ వారాలే కథకు పనికొచ్చేవి. ప్రతి పాత్రకూ తేదీల వారీగా మేకప్ పట్టిక వేసి కంటిన్యుటీ చూసేవాళ్లకు ఇవ్వండి.

అణు శీతకాలం, అంటే మంటల మసి ఎండను అడ్డుకుని భూమిని చల్లబరచడం, గురించి 1983 డిసెంబర్‌లో వచ్చిన అధ్యయనం పాత చిత్రానికి ఆధారాల్లో ఒకటి. తర్వాతి లెక్కలు చాలా వచ్చాయి. 2022లో ‘నేచర్ ఫుడ్’ పత్రిక ప్రచురించిన అధ్యయనం 50 లక్షల టన్నుల మసి నుంచి 15 కోట్ల టన్నుల దాకా లెక్కగట్టింది. అమెరికా-రష్యా యుద్ధమైతే ఆకలితో 500 కోట్ల మందికి పైగా, భారత్-పాకిస్తాన్ యుద్ధమైనా 200 కోట్ల మందికి పైగా చనిపోవచ్చని చెప్పింది. ఎంత మసి పైకి లేస్తుందన్న దానిమీద శాస్త్రవేత్తల్లో వాదాలున్నాయి. అందుకే చలిని తక్కువ అంచనాతోనే రాయండి. పంట పోవడానికి అదే చాలు.

సినిమానా, సిరీసా

సిరీస్ అనగానే ప్రతి ఎపిసోడ్ చివర ‘బతికాడా లేదా’ అన్న కొక్కెం తగిలిస్తారు. ఈ కథను చంపేది అదే. జిమ్మీ ఏమయ్యాడో పాత చిత్రం ఎక్కడా చూపించదు. రూత్‌తో పాటు మనమూ తెలియకుండానే మిగిలిపోతాం. మన ఇండస్ట్రీలో రీమేక్ అంటే హీరో చావకూడదనే అలవాటు ఉంది, దాన్ని గుమ్మం బయటే వదిలేయాలి. సిరీసే తీయాలనుకుంటే మూడు భాగాలు చాలు: దాడికి ముందు, తర్వాతి నెల, తర్వాతి పదేళ్లు. ఒక్కో భాగం ఒక దారం తెగడంతో ముగియాలి.

చివరి భాగంలో మాట కూడా తెగుతుంది. రూత్ కూతురు జేన్ తరం పిల్లలు విరిగిన మాటలు మాట్లాడతారు, అరిగిపోయిన వీడియో టేపు ముందు కూర్చుని జంతువుల ఎముకల పాఠం వింటారు. తెలుగు సబ్‌టైటిళ్లు రాసేవాళ్లు ఇక్కడ పల్లె యాస పెట్టేస్తుంటారు, అది పొరపాటు. యాసకు పూర్తి వ్యాకరణం ఉంటుంది. ఈ పిల్లల మాటలో విభక్తులు, క్రియాంతాలు రాలిపోవాలి: ‘ఆమె పని చెయ్. లేవదు. చచ్చి.’ అంతే.

పది నిమిషాల నమూనా

డబ్బు పెట్టేముందు ఒక్క దారం తీసుకుని పది నిమిషాలు తీయండి. నలుగురైదుగురు నటులు, ఒక వంటగది, ఒక వీధి, పేలుడు లేదు. పాత చిత్రం చూడని ఇరవై మందికి వేరువేరుగా చూపించి, మర్నాడు ఒకే ప్రశ్న అడగండి: ఇంటికెళ్లాక ఏం చేశారు? ‘కుళాయి తిప్పి చూశాను’, ‘అమ్మ మందులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను’ లాంటి జవాబులు సగం మందైనా ఇస్తే ముందుకెళ్లండి. అందరూ కెమెరా పనినే మెచ్చుకుంటే ఆపేయండి.

ఆపితే నష్టమేమీ లేదు. పాత చిత్రం చూడదగ్గ ప్రింటుతో అందుబాటులో ఉంది. నలభై ఏళ్ల సందర్భంగా 2024 అక్టోబర్‌లో బీబీసీ ఫోర్ మళ్లీ ప్రసారం చేసింది. అనుమతి తీసుకుని ప్రదర్శన పెట్టేవాళ్లు మధ్యలో విరామం ఇవ్వకండి, పదహారేళ్ల లోపు పిల్లల్ని రానివ్వకండి, ముగిశాక దీపాలు ఒక్కసారిగా వేయకండి. చర్చ అదే రాత్రి పెట్టకుండా మర్నాటికి వాయిదా వేయండి. 1984లో బీబీసీ కూడా అణు శీతకాలం మీద డాక్యుమెంటరీని మర్నాడే వేసింది.