తుపాను వెంట నోటుపుస్తకం – మూడో పాఠం: ఒక్క రోజులో ఎంత ముదిరింది?

మొదటి రెండు పాఠాల్లో వాతావరణ శాఖ తుపాను బులెటిన్‌లో ఇచ్చే అక్షాంశ రేఖాంశాలను మ్యాపు మీద చుక్కలుగా పెట్టడం, చుక్కల మధ్య దూరాన్ని గంటలతో భాగించి వేగం కట్టడం చూశాం. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి పాఠకులు గీసిన మ్యాపుల్లో ఇప్పుడు ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. ఈసారి చుక్కలను కలిపే ఆ దారి గీతను కాసేపు పక్కన పెడదాం. తుపాను ఎటు వస్తుందన్నదే అందరూ అడుగుతారు. ఎంత త్వరగా ముదురుతోందని అడిగేవాళ్లు తక్కువ.

నోటుపుస్తకంలో చుక్కల పేజీకి ఎదురుగా నాలుగు గడులు గీయండి: సమయం, గాలి వేగం, టీ నంబరు, తీరానికి దూరం. బులెటిన్ సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటే ఐదున్నర గంటలు కలపండి. 0300 యూటీసీ అంటే మనకు ఉదయం ఎనిమిదిన్నర.

టీ నంబరు సంగతి కొంచెం చెప్పాలి. అమెరికా వాళ్లలా మనం బంగాళాఖాతం తుపానులోకి మామూలుగా విమానాలు పంపం. ఉపగ్రహ చిత్రంలో మేఘాలు ఎంత గట్టిగా చుట్టుకున్నాయో, మధ్యలో కన్ను తెరుచుకుందో లేదో చూసి బలాన్ని టీ నంబరుగా అంచనా కడతారు. దానికి వెర్నన్ డ్వోరాక్ అనే ఆయన రూపొందించిన పద్ధతి ఉంది. ఆ లెక్కలో టీ 2.5 అంటే 35 నాట్లు, టీ 3 అంటే 45, టీ 4 అంటే 65, టీ 5 అంటే 90, టీ 6 అంటే 115. నాట్‌ను 1.85తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. మామూలుగా పెరిగే తుపాను రోజుకు ఒక టీ ఎక్కుతుంది.

ఇక అసలు పని. ఇప్పటి గాలి వేగంలోంచి సరిగ్గా 24 గంటల కిందటి వేగాన్ని తీసేయండి. తేడా 30 నాట్లు, అంటే సుమారు 55 కిలోమీటర్లు, లేదా అంతకు మించితే ఆ వరస కింద ఎర్ర గీత కొట్టండి. వాతావరణ శాస్త్రంలో వేగంగా బలపడటం అంటే ఇదే కొలత.

మన గంజాం వాళ్లు మరిచిపోలేని 2013 ఫైలిన్‌నే తీసుకుందాం. అక్టోబరు 10 ఉదయం 45 నాట్లు. 11 ఉదయానికి 115. తేడా 70 నాట్లు. టీ లెక్కలో 3 నుంచి 6కి, ఒక్క రోజులో మూడు మెట్లు! ఇంకా మామూలు తుపానే కదా అని 10వ తేదీన పడుకున్నవాళ్లు లేచేసరికి గంటకు 213 కిలోమీటర్ల గాలి సముద్రం మీద ఉంది.

ఎర్ర గీత పడగానే రెండో లెక్క చేయాలి. నా దృష్టిలో మొదటిదానికంటే ఇదే ముఖ్యం: తీరం తాకడానికి ఇంకా ఎన్ని గంటలున్నాయి? ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 12 రాత్రి పదిన్నర ప్రాంతంలో. 11 ఉదయం ఎనిమిదిన్నర నుంచి లెక్కేస్తే 38 గంటలు. లక్షల మందిని తరలించడానికి ఆ గంటలే అక్కరకొచ్చాయి.

2018 తిత్లీ అంత టైమివ్వలేదు. అక్టోబరు 9 మధ్యాహ్నం తుపాను, 10 మధ్యాహ్నానికి అతి తీవ్ర తుపాను. అంకెలు చేతిలో లేకపోయినా పేర్లతోనే లెక్క కట్టవచ్చు: తుపాను 62 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుంది, అతి తీవ్ర తుపాను 118 దగ్గర. తేడా 56, గీత పడినట్టే. 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య అది పలాస దగ్గర తీరం దాటింది. మిగిలింది పదహారు పదిహేడు గంటలు, అందులో సగం పైగా చీకటి. అదే రాత్రి, మన గడియారంలో పదకొండు గంటల వేళ, అమెరికాలో ఫ్లోరిడా తీరాన్ని మైకేల్ హరికేన్ తాకింది. అదీ చివరిదాకా ముదురుతూనే వచ్చింది.

ఇక 2023 అక్టోబరులో మెక్సికోలోని అకపుల్కో మీద పడ్డ ఓటిస్. ఒక్క రోజు ముందు దాకా మామూలు తుపానే. తీరం తాకేసరికి గంటకు సుమారు 260 కిలోమీటర్లు. అక్కడ ఎర్ర గీత కొట్టే లోపే ఊరి మీద ఉంది. అందుకే తీరం 24 గంటల లోపుకి వచ్చిన తుపానుకు, బులెటిన్ చెప్పిన దానికంటే ఒక మెట్టు పైన ఊహించుకుని సర్దుకోండి. అలా అనుకున్నా నష్టమేమీ లేదు.

ఎందుకిలా ముదురుతుందన్నది క్లుప్తంగా: సముద్రం పైపైనే కాక లోతుగా కూడా వేడిగా ఉండాలి, కింద గాలికీ పై గాలికీ వేగంలో, దిశలో పెద్ద తేడా ఉండకూడదు, చుట్టూ తేమ ఉండాలి.

ఒక జాగ్రత్త. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు గాలి చెబుతుంది, అమెరికా వాళ్లు ఒక నిమిషానిది. వాళ్ల అంకె ఎప్పుడూ కాస్త పెద్దగా ఉంటుంది. ఒకే గడిలో రెండూ కలిపితే లేని బలం కనబడి ఉత్తి టెన్షన్. టీవీల్లో గిరగిరా తిరిగే బొమ్మల జోలికి అసలు పోవద్దు.

కరెంటు, నెట్టు పోయాక కూడా పనికొచ్చేది ఒకటుంది. గాలి ముదరక ముందే గాలికి వీపు పెట్టి నిలబడండి. తుపాను కేంద్రం మీ ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. తర్వాత బయటికి వెళ్లకుండా, కిటికీలోంచి కొమ్మలు ఎటు వంగుతున్నాయో గంటగంటకీ రాసుకోండి. ఆగ్నేయం నుంచి వచ్చే తుపానుకు ముందు ఈశాన్య గాలి వీస్తుంది. అది తూర్పుకు, తర్వాత ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం మీకు దక్షిణంగా దాటుతోంది. మీరు తుపాను దారికి కుడి పక్కన ఉన్నారు, తీరంలో ఉప్పెన ఎక్కువ ఈ పక్కనే. ఉత్తరానికి, పడమరకు తిరిగితే ఎడమ పక్క. దిశ మారకుండా గాలి పెరుగుతూ పోతే కేంద్రం నేరుగా మీ మీదికే. అప్పుడు ఉన్నట్టుండి గాలి ఆగితే తలుపు తీయకండి. నైరుతి నుంచి మళ్లీ కొడుతుంది.

ఊరు ఖాళీ చేయమని మైకులో చెబితే మాత్రం ఈ లెక్కలన్నీ మడిచి సంచిలో పెట్టి బయల్దేరడమే.

అభ్యాసం: తిత్లీ దాటుతున్నప్పుడు బరంపురంలో గాలి ఎటు నుంచి ఎటు తిరిగి ఉండాలి? అదే సమయంలో శ్రీకాకుళంలో? మ్యాపు మీద పలాస దగ్గర చుక్క పెట్టి రెండు ఊళ్లకూ బాణాలు గీయండి. వచ్చే పాఠం గజపతి కొండల వాళ్లకు మరీ ముఖ్యం: తీరం దాటి బలహీనపడిన తిత్లీ అక్కడ వానతో కొండచరియలు విరిచింది. గాలి గడి పక్కన వాన గడి ఎలా గీయాలో చూద్దాం.