ఓడీ తీర్చుకుందాం – 3వ పాఠం: సాయంత్రం మిగిలిన బాకీ

కిందటి పాఠంలో చెప్పిన పని చేశారా? ఓడీ (ఓవర్‌డ్రాఫ్టు, అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా బ్యాంకు పెట్టిన పరిమితి వరకు తీసి వాడుకునే అప్పు) పాస్‌బుక్కులో ప్రతి రోజూ చివరగా మిగిలిన బాకీ పక్కన టిక్కు పెట్టమన్నాను. మా పర్లాకిమిడిలో బ్యాంకు బోర్డు ఒడియాలో ఉంటుంది, కొట్లో బేరం తెలుగులో సాగుతుంది. అంకెలు మాత్రం అందరికీ ఒకటే కాబట్టి సాకులు చెల్లవు.

ఓవర్‌డ్రాఫ్టు వడ్డీ నెలకోసారి ఖాతాలో పడుతుంది. అందుకే చాలామంది నెలాఖరున ఎంత బాకీ ఉంటే దాని మీదే వడ్డీ వేస్తారనుకుని, 30వ తేదీన డబ్బు పట్టుకుని పరిగెడతారు. లెక్క అలా ఉండదు. ఏ రోజుకారోజు సాయంత్రానికి మిగిలిన బాకీ మీద వడ్డీ కడతారు. నెలాఖరున ఆ రోజువారీ అంకెలన్నీ కూడి ఒక్కసారిగా రాస్తారు. బాకీ 2 లక్షలు, వడ్డీ 12 శాతం అయితే రోజుకు దాదాపు 66 రూపాయలు. ఆదివారమైనా, రథయాత్ర అయినా ఈ వడ్డీకి సెలవు లేదు.

ఒక కిరాణా కొట్టు తీసుకుందాం. ఖర్చులు పోను రోజుకు 3,000 మిగులుతోంది. యజమాని దాన్ని గల్లాపెట్టెలో దాచి 30న ఒకేసారి 90,000 కడతాడు. అదే డబ్బు ఏ సాయంత్రానికా సాయంత్రం జమ చేస్తే ఆ నెలలో 429 రూపాయల వడ్డీ తగ్గుతుంది. ఒకటో తేదీన సరుకు కోసం ఆ 90,000 మళ్లీ తీసేసినా సరే, తగ్గిన వడ్డీ తగ్గినట్టే. కట్టింది మళ్లీ వాడుకోవచ్చు, ఓడీలో ఉన్న సుఖం అదే. ఏటా ఐదు వేల పైచిలుకు మిగిలే ఈ పనికి పైసా పెట్టుబడి అక్కరలేదు.

రోజూ బ్యాంకుకు వెళ్లే తీరిక ఎవరికుంది అంటారా? పైగా కొన్ని బ్యాంకులు నెలలో కొన్నిసార్లకు మించి నగదు జమ చేస్తే రుసుము తీసుకుంటాయి, ముందే అడిగి తెలుసుకోండి. కౌంటర్ మీది క్యూఆర్ కోడును పొదుపు ఖాతాకు కాకుండా ఓడీ ఖాతాకే కలిపించుకోండి. ఫోనులో వచ్చే డబ్బంతా దానంతటదే బాకీలోకి వెళుతుంది.

ఈ లెక్కలు చెప్పే నేనే ఒకప్పుడు అమ్మాయి కాలేజీ ఫీజు కోసం 60,000 పొదుపు ఖాతాలో నాలుగు నెలలు ఉంచాను. అక్కడ వచ్చేది 3 శాతం, ఓడీకి కట్టేది 12 శాతం. 1,800 రూపాయలు చేజేతులా పోగొట్టుకున్నాను. అలాగని ఉన్నదంతా ఊడ్చి ఓడీలో వేయకండి. ఓడీ గడువు తీరి పునరుద్ధరించే సమయంలో బ్యాంకు పరిమితి తగ్గించినా ఇబ్బంది పడకుండా ఒక నెల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి.

బాకీ తగ్గుతున్నకొద్దీ పరిమితి కూడా తగ్గించమని బ్యాంకుకు రాసివ్వాలి. లేకపోతే ఖాళీ అయిన చోటు మనల్ని పిలుస్తూనే ఉంటుంది. దసరా సరుకు దించే ముందు మాత్రం ఈ పని వద్దు. పరిమితి దాటితే అపరాధ రుసుము, చెక్కు తిరిగొస్తే ఇంకో రుసుము.

ఈ వారం పని: నెలలో టిక్కు పెట్టిన అంకెలన్నీ (లావాదేవీ లేని రోజుకు ముందు రోజు బాకీనే మళ్లీ వేసుకుని) కూడి, వడ్డీ శాతంతో గుణించి, 36,500తో భాగించండి. వచ్చిన అంకెను బ్యాంకు వేసిన వడ్డీతో పోల్చండి. తేడా వస్తే కాగితం పట్టుకుని మేనేజరును అడగండి. ఎంతకీ తగ్గకుండా మిగిలిపోయిన బాకీని వాయిదాల అప్పుగా మార్చుకోవడం వచ్చే పాఠంలో.