పాత ట్రక్కులో పెట్రోలు తీస్తున్నారా? కప్పు కింద మాత్రం వద్దు

నాకు బాగా తెలిసిన మెకానిక్ ఒకరు రెండు వారాలుగా మంచం మీద ఉన్నారు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. నీళ్ల గ్లాసు కూడా వాళ్ల అమ్మాయే నోటికి అందించాలి. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న ఒక పెట్రోలు ట్రక్కును మళ్లీ నడిపించాలని, ముందుగా ట్యాంకుల్లోని పాత పెట్రోలు తీయబోయి కాలిపోయారు. ఆయన ఈ పనికి కొత్త కాదు. సిగరెట్ అలవాటు లేదు. అగ్గిపుల్ల గీయలేదు. వాన పడుతోందని ట్రక్కును షెడ్డులోకి తోయించి, తలుపు దగ్గరగా వేసి పని మొదలుపెట్టారు. ఆ షెడ్డు అవతలి మూల నీళ్లు కాచే గ్యాస్ హీటర్ ఉంది. దాని అడుగున ఎప్పుడూ వెలుగుతూ ఉండే మంట చిటికెన వేలి గోరంత. అది చాలింది.

పొగ తాగవద్దని, నిప్పు దగ్గర ఉంచవద్దని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేను చెప్పేది ఒక్కటే: ఈ పని ఆరుబయట చేయండి. కప్పు కింద వద్దు, షెడ్డులో వద్దు, సర్వీసు గుంట మీద అసలే వద్దు. తలుపులు బార్లా తీశాం కదా అన్నా వద్దు.

చోటు

మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని ఆవిరి. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి చెదిరిపోదు. పారబోసిన నీళ్లలా నేలబారున పాకుతుంది, గుంటల్లో నిండుతుంది, తలుపు కింది సందులోంచి పక్క గదిలోకి వెళుతుంది. నిలబడి ఉన్నవాడి ముక్కుకు వాసన పలచబడ్డట్టే ఉంటుంది, పాదాల దగ్గర మాత్రం దట్టంగా ఉంటుంది. గాలిలో దాని వంతు సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడు ఒక్క రవ్వ తగిలితే చాలు. హీటర్ మంటే కానక్కరలేదు. ఫ్రిజ్ తనంతట తాను ఆన్ అయినప్పుడు లోపల పుట్టే చిన్న మెరుపు కూడా సరిపోతుంది.

చలిగా ఉంది కదా అన్న ధైర్యం పనికిరాదు. మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరి విడుస్తుంది. పాతబడింది కదా, ఇక మండదులే అన్నది ఇంకో భ్రమ. నిలవ ఉన్న పెట్రోలులో తేలిక భాగం కొంత ఎగిరిపోతుంది, జిగురు పేరుకుంటుంది, వార్నిష్ లాంటి పుల్లటి వాసన వస్తుంది. దానితో ఇంజన్ స్టార్ట్ కాకపోవచ్చు, మనిషిని కాల్చడానికి మాత్రం అది చాలు. వాన పడుతుంటే పని రేపటికి వాయిదా వేయండి. ఏళ్ల తరబడి ఆగిన ట్రక్కు ఇంకో రోజు ఆగలేదా?

వెలుతురు

పగటి పూట చేయండి. ట్రక్కు కిందికి గాజు బల్బు ఉన్న చేతి లైటు తీసుకెళ్లవద్దు. వేడెక్కిన గాజు మీద చల్లని పెట్రోలు చుక్క పడితే బల్బు పగులుతుంది, లోపలి ఎర్రటి తీగ ఆవిరికి తగులుతుంది. సాయంత్రమైందని షెడ్డులోకి మార్చవద్దు. మళ్లీ చెబుతున్నాను, కప్పు కింద వద్దు.

రెండు ట్యాంకులు

కొన్ని ట్రక్కుల్లో రెండు ట్యాంకులనూ అడుగున ఒక పైపు కలుపుతుంది. ఒకదాని అడుగున పెట్రోలు కార్చడానికి ఉండే ప్లగ్గు విప్పితే రెండోదీ అక్కడే కారుతుంది. ఒక ట్యాంకుకు సరిపడా డబ్బాలు పెట్టుకున్నవాడు, డబ్బాలు నిండిపోయాక, జివ్వున కారుతున్న ప్లగ్గును బొటనవేలితో అదిమి పట్టుకుని కేకలు వేయడం నేను కళ్లారా చూశాను. రెండింటి కొలతా కలిపి, దానికి మించిన డబ్బాలు ముందే వరుసగా పెట్టుకోండి. డబ్బాలు ఇంధనం కోసం చేసినవే కావాలి. నేల మీదే ఉంచి నింపండి. ట్రక్కు బాడీ మీదో, ప్లాస్టిక్ పట్టా మీదో పెడితే పెట్రోలు ప్రవాహానికి పుట్టే స్థిర విద్యుత్తు నేలలోకి పోయే దారి లేక, రవ్వగా దూకుతుంది. లోహపు డబ్బా అయితే దానికీ ట్యాంకుకూ మధ్య ఒక తీగ కలపండి. పైపు చివర డబ్బా అడుగుకు తగలాలి, పైనుంచి ధారగా పడకూడదు. నిండుగా నింపవద్దు, ఎండకు వ్యాకోచిస్తుంది.

ఇక విడదీసి చెప్పే ఓపిక లేదు, వరసగా వినండి. ట్యాంకు మూత తీయక ముందే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి, తర్వాత కాదు. ఫోను దూరంగా పెట్టండి. నోటితో పైపు పీల్చవద్దు. గుక్కెడు ఊపిరితిత్తుల్లోకి పోతే ఊపిరే ఆగిపోవచ్చు. ఎవరైనా మింగితే వాంతి చేయించవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. చేతి పంపు వాడండి. వాక్యూమ్ క్లీనర్ వద్దు, మామూలు నీళ్ల మోటారు వద్దు, డ్రిల్లుకు తగిలించే పంపు వద్దు. ప్లగ్గు పట్టేస్తే మంట చూపించవద్దు, సుత్తితో బాదవద్దు, మూత వైపునుంచి తోడండి. జాకీని నమ్మి కిందికి దూరవద్దు, స్టాండ్లు వేయండి. నైట్రైల్ రబ్బరు చేతి తొడుగులు వేసుకోండి. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం రోడ్డు వాహనాలకు ప్రపంచమంతటా ఆగింది 2021లోనే. దశాబ్దాలుగా ఆగిన ట్యాంకులో అది ఉండవచ్చు, ఆ సీసం చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. బట్టలు తడిస్తే ముందు నీళ్లతో బాగా తడిపి, ఆ తర్వాతే విప్పండి. పొడి చల్లే అగ్నిమాపక సిలిండర్ మీకు అందేలా, ట్యాంకుకు దూరంగా ఉంచండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోయవద్దు, అది నీటి మీద తేలి మంటను మోసుకుపోతుంది. తీసిన పెట్రోలు కాలువలో పోయవద్దు, చెత్తకు అంటించవద్దు, దానితో భాగాలు కడగవద్దు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి. ఆ డబ్బాలను రాత్రికి కూడా షెడ్డులో పెట్టవద్దు.

ఖాళీ అయిన ట్యాంకును నమ్మవద్దు. నిండు ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉండి అంటుకోదు. మీరు తోడేకొద్దీ లోపలికి గాలి వస్తుంది, సరిగ్గా పేలే పాళ్లు అప్పుడే కుదురుతాయి. 100 లీటర్ల ట్యాంకులో అడుగున రెండు మూడు చెంచాల పెట్రోలు మిగిలినా చాలు. దాన్ని కోయవద్దు, అతకవద్దు, నీళ్లతో ఒకసారి కడిగాం కదా అని వెల్డింగ్ టార్చి మంట పెట్టవద్దు. షెడ్డులోకి తేవద్దు. మూత బిగించి, బయటే నీడలో పెట్టి, వచ్చే మనిషి ఎవరైనా చదవగలిగేలా దాని పక్క మీద పెద్ద అక్షరాలతో పెయింటుతో రాయండి: పెట్రోలు ట్యాంకు, వెల్డింగ్ చేయవద్దు.