లీవర్ రైఫిల్ మీద స్కోప్ పెట్టాక చెంప ఆనడం లేదా? సమస్య - పరిష్కారం

అక్టోబర్‌లో మా బావమరిది ఫోన్ చేసి, "బావా, స్కోప్‌లో సగం నల్లగా కనిపిస్తోంది, పాడైపోయినట్టుంది, షాపులో వెనక్కి ఇచ్చేయనా?" అని అడిగాడు. వాడిది .30-30 తూటా వాడే మార్లిన్ 336 అనే లీవర్ రైఫిల్ (ట్రిగర్ దగ్గరున్న పిడిని, అంటే లీవర్‌ని, కిందకీ పైకీ ఆడిస్తే తర్వాతి తూటా లోపలికి వెళ్లే రకం), ఈస్ట్ టెక్సస్‌లో జింకల వేట కోసం కొనుక్కున్నాడు, మీద 32 మిల్లీమీటర్ల (ముందు అద్దం వెడల్పు) స్కోప్ బిగించాడు. టెక్సస్‌లో చాలా చోట్ల డీర్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది కాబట్టి వాడి టెన్షన్ నాకు అర్థమైంది. కానీ స్కోప్‌కి ఏమీ కాలేదు. చెంప స్టాక్ మీద (భుజానికి ఆనించే చెక్క భాగం) ఆనాల్సిన ఎత్తులో ఆనడం లేదు, అంతే. ఆ వారం వాడికి ఫోన్లో చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ రకం రైఫిల్ కొన్న మనవాళ్లు దాదాపు అందరూ ఇదే గోతిలో పడుతున్నారు.

ముందుగా రెండు మాటలు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో తేల్చుకున్నాకే మిగతాది. రెండోది, కింద చెప్పే పనులన్నీ ఖాళీ రైఫిల్‌తోనే చేయాలి. ఇలాంటి లీవర్ రైఫిల్‌లో తూటాలు బ్యారెల్ కింద ఉన్న ట్యూబులో ఉంటాయి, ఒకసారి లీవర్ ఆడించి ఒకటి బయటపడగానే ఖాళీ అయిందనుకోవద్దు. ఇక రావడం లేదు అనేదాకా ఆడించి, చాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే గది) కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలు వేరే గదిలో పెట్టి అప్పుడు మొదలుపెట్టండి.

తల పైకెత్తితేనే స్కోప్‌లో బొమ్మ కనిపిస్తోంది, చెంప ఆనిస్తే నల్లటి నీడ

అసలు సమస్య ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు. ఈ రైఫిళ్ల స్టాక్ ఆకారం ఓపెన్ సైట్ల (బ్యారెల్ మీదే ఉండే, అద్దాలు లేని గురి గుర్తులు) కాలం నాటిది. వించెస్టర్ 1894 అయితే పేలిన తూటాల ఖాళీ ఇత్తడి తొడుగుల్ని నేరుగా పైకి విసిరేది, కాబట్టి దాని నెత్తిన స్కోప్ పెట్టే ఆలోచనే ఉండేది కాదు, పక్కకు వంచి విసిరేలా మార్చింది 1980ల్లో. 1948లో వచ్చిన మార్లిన్ 336 తొడుగుని పక్కనుంచి విసురుతుంది, పైభాగం మూసి ఉంటుంది, స్కోప్‌కి అనువుగా ఉంటుంది, కానీ స్టాక్ మాత్రం ఆ పాత ధోరణిలోనే కిందకి వాలి ఉంటుంది. ఓపెన్ సైట్ల చూపు గీత బ్యారెల్ మధ్య నుంచి సుమారు అర నుంచి ముప్పావు అంగుళం పైన ఉంటే, స్కోప్ మధ్య గీత 1.5 అంగుళాలు, ఒక్కోసారి అంతకన్నా పైనే ఉంటుంది. ఆ తేడా కోసం మీరు చెంప లేపి గడ్డం ఆనిస్తారు. గడ్డం మీద తల నిలకడగా ఉండదు, ప్రతిసారీ కన్ను వేరే చోటికి వస్తుంది, నీడ కనిపిస్తుంది, పేలినప్పుడు దవడకి దెబ్బ.

చెంప ఎత్తు పెంచడానికి స్టాక్ మీద చుట్టే మెత్తని చీక్ రెస్ట్ (కింద రెస్ట్ అన్నదల్లా ఇదే) కొనే ముందు, స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే రింగులు చూడండి. బావమరిది రైఫిల్‌కి షాపువాళ్లు సీ-త్రూ మౌంట్లు వేసిచ్చారు, స్కోప్ కింది కంతలోంచి ఓపెన్ సైట్లు కూడా చూడొచ్చని. వినడానికి బాగుంటుంది గానీ అవి స్కోప్‌ని ఇంకా పైకి ఎత్తేస్తాయి. వాటిని తీసేసి, గంటలా వెడల్పుగా ఉండే స్కోప్ ముందు భాగం బ్యారెల్‌కి తగలనంత వరకు అన్నిటికన్నా పొట్టి రింగులు వేయించండి. 32 మిల్లీమీటర్ల స్కోప్‌కి లో రింగులు చాలా వరకు సరిపోతాయి. మా వాడికి సగం సమస్య అక్కడే పోయింది.

మిగిలిన ఎత్తు ఎంతో కొలవాలి. ఇక్కడే చాలామంది తొందరపడి అందంగా ఉందని ఒక తోలు రెస్ట్ ఆర్డర్ చేసేస్తారు. అలా వద్దు. అట్టపెట్టె ముక్కలు, లేదా యోగా చాప లాంటి గట్టి ఫోమ్ ముక్కలు తీసుకోండి. స్టాక్ మీద పాత బట్ట చుట్టి, దాని మీద ఒక్కో పొర పెట్టి, పైన టేప్ చుట్టండి. టేప్ జిగురు చెక్కకి తగలకూడదు, పాత వాల్‌నట్ మీద పాలిష్ ఊడొస్తుంది. ఇప్పుడు కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప హాయిగా ఎక్కడ ఆనితే అక్కడ వదిలేసి, కళ్లు తెరవండి. తల కదపకుండా బొమ్మ నిండుగా కనిపించాలి. కన్ను తెరిచాక తల కొంచెం ఎత్తితే నీడ పోతోందంటే ఇంకో పొర కావాలి, దించితే పోతోందంటే ఒక పొర ఎక్కువైంది. పదిసార్లు చేసి, పదిసార్లూ సరిగ్గా వచ్చినప్పుడు ఆ పొరల మందం స్కేలుతో కొలిచి రాసుకోండి. నవంబర్ తెల్లవారుజామున వేసుకునే మందపాటి జాకెట్ వేసుకునే ఇదంతా చేయండి, టీ షర్ట్ మీద కొలిచిన కొలత అడవిలో తప్పుతుంది. మా వాడికి ముప్పావు అంగుళం వచ్చింది. మెత్తటి ఫోమ్ చెంప బరువుకి అణుగుతుంది, అందుకే రెస్ట్ కొనేటప్పుడు ఆ కొలత కన్నా కాస్త ఎక్కువ పట్టేది, పొరలు తీసి పెట్టుకునే వీలున్నది చూడండి.

ఎత్తు సరిపోయింది, అయినా బొమ్మ చుట్టూ నల్లటి వలయం

ఇది రెస్ట్ తప్పు కాదు. కన్ను స్కోప్‌కి మరీ దగ్గరో, మరీ దూరమో ఉంది. చాలా వేట స్కోపులకి కంటికీ అద్దానికీ మధ్య 3 నుంచి 4 అంగుళాలు ఉండాలి. చెంప కొత్త చోట ఆనడం వల్ల తల ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది. రింగులు వదులు చేసి స్కోప్‌నే జరపండి, తల జరపొద్దు. ఏ వైపు అనుమానం ఉన్నా దూరం వైపే మొగ్గండి, కనుబొమ మీద స్కోప్ అంచు దిగితే ఆ మచ్చ చాన్నాళ్లు ఉంటుంది.

పేలినప్పుడల్లా చెంప ఎముక మీద గుద్దుతోంది

రెస్ట్ పెట్టాక తన్ను పెరిగిందని చాలామంది అంటారు. తన్ను అంతే ఉంది, రెస్ట్ వాలు తప్పుగా ఉంది. రైఫిల్ పేలగానే వెనక్కి, అంటే మీ మొహం వైపు వస్తుంది. రెస్ట్ పైభాగం బ్యారెల్ వైపు ఎత్తుగా, భుజం వైపు పల్లంగా ఉంటే ఆ ఎత్తైన భాగం వచ్చి చెంప కింద మేకులా దిగుతుంది. స్టాక్ అసలే భుజం వైపు వాలి ఉంటుంది కాబట్టి, ఒకే మందం ఉన్న ప్యాడ్ చుడితే ఆ వాలు అలాగే మిగిలిపోతుంది. వెనక వైపు ఒక పొర ఎక్కువ వేసి పైభాగాన్ని బ్యారెల్‌కి సమాంతరంగా తీసుకురండి, ముందు వైపు వెంట్రుకవాసి దిగి ఉన్నా మంచిదే. అలా చేశాక స్టాక్ చెంప పక్కనుంచి జారుతుందే తప్ప గుద్దదు. ఇంతా చేసి అంచు గట్టిగా ఉందేమో కూడా వేలితో చూడండి, కుట్టు ముడి చెంప కిందకి వచ్చినా ఇదే నొప్పి.

బొమ్మ ఒక పక్కకి నల్లబడుతోంది

పక్కల మందం ఎక్కువైంది. చెంప వైపు దళసరి ప్యాడ్ ఉంటే తల పక్కకి నెట్టబడుతుంది. ఎత్తు పైన రావాలి, పక్కన పలచగా ఉండాలి. పొరల్ని స్టాక్ నెత్తి మీదే పెట్టి, పక్కలకి ఒక్క తోలు మాత్రమే వచ్చేలా చూసుకోండి.

నాలుగు రౌండ్లకే రెస్ట్ జారిపోతోంది

తోలు రెస్ట్ అయితే లేసు వదులైంది. కొత్త తోలు సాగుతుంది, మొదటి నెలలో రెండు మూడుసార్లు బిగించాల్సిందే. లోపలి వైపు నున్నగా ఉంటే జారుడు ఆగదు. వంటింటి అల్మరా అరల్లో పరిచే రబ్బరు జాలీ ఉంటుంది కదా, దాని ముక్క ఒకటి కత్తిరించి లోపల పెట్టండి, చవకైన మందు, బాగా పట్టేస్తుంది. సాగే గుడ్డ తొడుగులాంటి రెస్ట్ ఉన్నవాళ్లు స్లింగ్ మేకు (రైఫిల్‌ని భుజానికి వేలాడదీసే పట్టీ తగిలించేది) దగ్గర తొడుగుకి కంత పెట్టి అందులోంచి మేకుని బయటికి తీస్తే ఇక ముందుకీ వెనక్కీ కదలదు.

లీవర్ ఆడించేటప్పుడు ఏదో అడ్డుపడుతోంది, హ్యామర్ అందడం లేదు

లీవర్ పూర్తిగా దించితే బోల్ట్ (చాంబర్‌ని మూసే లోహపు కడ్డీ) హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) మీదుగా వెనక్కి పొడుచుకొస్తుంది. రెస్ట్ మరీ ముందుకి పెడితే బోల్ట్ దాని అంచుకో, మీ బొటనవేలికో తగులుతుంది. రెస్ట్‌ని వెనక్కి జరిపి, ఖాళీ రైఫిల్‌తోనే లీవర్‌ని చివరిదాకా ఇరవైసార్లు ఆడించి చూడండి. లేసు కొసలు కూడా చేతికి తగలకుండా కింద దోపేయండి. హ్యామర్ అందకపోవడానికి కారణం రెస్ట్ కాదు, పైన ఉన్న స్కోప్. హ్యామర్‌కి పక్కకి తిరిగిన చిన్న స్పర్ (బొటనవేలికి అందే కొమ్ము) బిగిస్తే సరిపోతుంది, దాని మర బాగా బిగించండి. చలికి మొద్దుబారిన వేలితో హ్యామర్ దించుతుంటే అది జారితే పేలుతుంది, అందుకే ఆ పని ఇంట్లో ముందే చేతికి అలవాటు చేసుకోండి.

తూటాలకి పచ్చగా ఏదో పట్టింది, స్టాక్ మీద తెల్లటి మచ్చ

తోలు రెస్టులకి తూటాలు గుచ్చుకునే లూపులు ఉంటాయి, చూడ్డానికి బాగుంటాయి. కానీ తోలు పదును చేయడానికి వాడిన పదార్థాలు ఇత్తడితో కలిసి, వాడకుండా వదిలేసిన ఇత్తడి బిందెకి పట్టినట్టే చిలుం పట్టిస్తాయి. వేట అయిపోయిన రోజే తూటాలు తీసి పెట్టెలో పెట్టండి. కొంచెం పట్టి ఉంటే పొడిగుడ్డతో తుడవండి, చింతపండు, పాలిష్‌లు మాత్రం వద్దు. చిలుం తినేసి తూటా తొడుగు లోహానికి గుంటలు పడితే ఆ తూటా పక్కన పెట్టేయాలి. స్టాక్ మీది మచ్చ తడి వల్ల. వానలో తడిసి వచ్చాక రెస్ట్ ఊడదీసి, చెక్క తుడిచి, రెండూ నీడలో ఆరబెట్టండి.

రెస్ట్ పెట్టాక దెబ్బ వేరే చోట పడుతోంది

ఇది మామూలే. కొందరు పారలాక్స్ (కన్ను పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడం) అంటారు గానీ దాని వాటా తక్కువ: 100 గజాలకి సరిచేసిన 32 మిల్లీమీటర్ల స్కోప్‌తో 50 గజాల దగ్గర కన్ను పూర్తిగా అంచుకి పోయినా తేడా అర అంగుళంలోపే. అసలు తేడా మీరు పట్టుకునే తీరు మారడం వల్ల వస్తుంది, చెంప బరువు ఇప్పుడు పూర్తిగా స్టాక్ మీద పడుతోంది, రైఫిల్ ఒరగడం తగ్గింది. రెస్ట్ ఖరారయ్యాక మాత్రమే జీరో చేయండి (గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్‌ని సరిచేయడం), మధ్యలో పొర ఒకటి తీసినా మళ్లీ చూడాలి. రేంజ్‌లో మూడేసి రౌండ్లు, వేటకి వాడే తూటాలతోనే, మధ్యలో బ్యారెల్ చల్లారనిస్తూ కొట్టండి. మా వాడు సీజన్‌కి ముందు ఆదివారం అలా చేశాడు, మూడు కన్నాలూ అరచేతిలో ఇమిడేలా పడ్డాయని ఫోటో పంపాడు.