వీడియోలో అర్థమైన కర్ల్ లెక్క దగ్గర ఎందుకు ఆగిపోతోంది?

బీటెక్ మొదటి ఏడాది పిల్లలు వెక్టర్ కాలిక్యులస్ దగ్గరికి వచ్చేసరికి నన్ను అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, వీడియో చూస్తుంటే అంతా అర్థమవుతుంది. లెక్క ముందు కూర్చుంటే చెయ్యి కదలదు." ఇప్పుడు ఆన్‌లైన్‌లో నిజంగా గొప్ప మాస్టార్లు ఉన్నారు. వాళ్లను చూడొద్దని చెప్పను. ఎలా చూడాలో చెబుతాను.

సమస్య: వీడియో అర్థమైంది, లెక్క రావడం లేదు

త్రీ బ్లూ వన్ బ్రౌన్ ఛానెల్‌లో గ్రాంట్ శాండర్సన్ డైవర్జెన్స్ (ఒక చోటు నుంచి ప్రవాహం ఎంత బయటికి పోతోంది), కర్ల్ (ఆ చోట ఎంత తిప్పుతోంది) గురించి చేసిన వీడియోలో బాణాలు నీళ్లలా కదులుతాయి. అంత అందంగా చూపించిన వాళ్లు తక్కువ. కానీ ఆ బొమ్మ గీసింది ఆయన, మనం కాదు. కారణం అదే.

ఫీల్డ్, అంటే ప్రతి బిందువు దగ్గరా ఒక బాణం, తెరమీద కనిపించగానే వీడియో ఆపండి. (−వై, ఎక్స్) అనుకుందాం. నోట్‌బుక్‌లో (1, 0) దగ్గర చుక్క పెడితే బాణం (0, 1), అంటే నిటారుగా పైకి. (0, 1) దగ్గర బాణం (−1, 0), ఎడమకి. ఇంకో రెండు చుక్కలు పెట్టేసరికి గడియారం ముల్లుకి ఎదురు దిశలో సుడి కనిపిస్తుంది. అప్పుడు లెక్క కట్టండి: డైవర్జెన్స్ 0, కర్ల్ 2. ఆ తర్వాతే ప్లే నొక్కండి.

సమస్య: కర్ల్ ఉందో లేదో బొమ్మ చూసి చెబితే తప్పవుతోంది

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. మొదటి ఉదాహరణ ఎప్పుడూ సుడిగుండమే కాబట్టి, కర్ల్ అంటే గుండ్రంగా తిరగడం అని మనసులో ముద్ర పడిపోతుంది.

పంట కాలవని గుర్తు తెచ్చుకోండి. నీళ్లు తిన్నగానే పోతాయి. గట్టు పక్కన నెమ్మది, నడిమధ్య వేగం. గట్టుకి దగ్గరలో ఒక ఆకు వేస్తే, మధ్య వైపున్న అంచుని నీళ్లు గట్టిగా లాగుతాయి, గట్టు వైపు అంచు వెనకబడుతుంది. ఆకు ముందుకి పోతూనే తనలో తాను తిరుగుతుంది. (వై, 0) ఫీల్డ్ ఇదే. బాణాలన్నీ తిన్నగా ఉన్నా కర్ల్ −1.

దీనికి పూర్తిగా తిరగేసిన కేసూ ఉంది. (−వై, ఎక్స్)ని దూరం వర్గంతో భాగించండి. బాణాలు గుండ్రంగానే తిరుగుతాయి, కానీ మూలబిందువు తప్ప ఎక్కడ చూసినా కర్ల్ సున్నా. అయినా యూనిట్ సర్కిల్ చుట్టూ లైన్ ఇంటిగ్రల్ (దారి వెంట ఫీల్డ్ తోసిన మొత్తం) 2×పై వస్తుంది. మూలబిందువు దగ్గర ఫీల్డే లేదు కాబట్టి అక్కడ గ్రీన్ సిద్ధాంతం (అంచు చుట్టూ లైన్ ఇంటిగ్రల్, లోపలి కర్ల్ మొత్తం సమానం) వాడకూడదు. ఈ రెండు ఫీల్డులూ చేత్తో గీసినవాళ్లకి కర్ల్ దగ్గర మళ్లీ పొరపాటు జరగదని నా నమ్మకం.

సమస్య: పద్ధతి సరిగ్గానే ఉంది, జవాబు తేడా

వ్యాసార్థం 3 ఉన్న వృత్తం మీద మొదటి ఫీల్డ్ (−వై, ఎక్స్)కే గ్రీన్ సిద్ధాంతం వాడితే 18×పై రావాలి. మీకు 12×పై వచ్చిందా? పోలార్ నిరూపకాల్లోకి (దూరం 'ఆర్', కోణం) మారేటప్పుడు వైశాల్యంలో 'ఆర్' రాయడం మర్చిపోయారు. స్టోక్స్ సిద్ధాంతంలో (గ్రీన్‌దే మూడు కొలతల రూపం) గుర్తు మాత్రమే తిరగబడితే కుడిచేతి నియమం చూసుకోండి: వేళ్లు అంచు వెంట, బొటనవేలు నార్మల్ (ఉపరితలానికి లంబం) వైపు.

సమస్య: ఇద్దరు మాస్టార్లు రెండు రకాలుగా చెబుతున్నారు

ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో డెనిస్ ఓరూ 2007లో చెప్పిన మల్టీవేరియబుల్ కాలిక్యులస్ 35 లెక్చర్లు. అందులో గోళాకార నిరూపకాల్లో జెడ్ అక్షం నుంచి కొలిచే కోణం ఫై. ఫిజిక్స్ మాస్టార్లు మామూలుగా అదే కోణాన్ని థీటా అంటారు. ఇద్దరూ కరెక్టే, కానీ కలిపి చదివితే సైన్ లోపల తప్పు కోణం పడుతుంది. నోట్‌బుక్ పేజీ పైన "జెడ్ నుంచి కోణం: ఫై" అని ముందే రాసుకోండి. ఒక చాప్టర్ పూర్తయ్యేదాకా మాస్టారిని మార్చకండి.

ఇంగ్లిష్ వేగం అందకపోతే 0.75 స్పీడ్, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

సమస్య: వారానికల్లా మర్చిపోతున్నాం

చూసిందే మళ్లీ చూడటం వల్ల. వీడియో మూసేసి, యూనిట్ గోళం మీద (ఎక్స్, వై, జెడ్) ఫీల్డ్‌కి గాస్ సిద్ధాంతాన్ని రెండు వైపులా చేయండి. ఒకవైపు ఉపరితలం మీద ఫ్లక్స్ (దాన్ని దాటి బయటికి పోయే ప్రవాహం), ఇంకోవైపు డైవర్జెన్స్ 3ని ఘనపరిమాణంతో గుణించడం. రెండూ 4×పై దగ్గర కలిస్తే తర్వాతి వీడియోకి వెళ్లండి.